కోనసీమ గల్ఫ్ వలసలలో పాస్‌పోర్టు

పాస్‌పోర్టు అనగా ఒక దేశ ప్రభుత్వం తన పౌరునికి జారీ చేసే ప్రయాణ పత్రం. ఆ వ్యక్తి ఎవరో, ఏ దేశ పౌరుడో ఇది తెలియజేస్తుంది. దేశం దాటడానికి, తిరిగి స్వదేశానికి రావడానికి ఆధారమవుతుంది. ఆంధ్ర ప్రదేశ్‌లోని కోనసీమ (అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసరాలు) నుండి కువైట్, ఒమన్, ఖతార్, బహ్రెయిన్, ఐక్య అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా దేశాలకు పనికి వెళ్ళే వారి జీవితాలలో, ముఖ్యంగా ఇంటిపనికి వెళ్ళే మహిళల జీవితాలలో, ఈ చిన్న పుస్తకానికి ఎంతో ప్రాముఖ్యత ఉంది. విదేశాలకు వెళ్ళే హక్కు వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని భారత సుప్రీం కోర్టు 1967లో తీర్పు చెప్పింది. అయితే గల్ఫ్ చేరిన తరువాత పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి చేరితే ఆ హక్కు ఆచరణలో నిలిచిపోతుంది. అందువలన ఈ ప్రాంతపు వలసలలో పాస్‌పోర్టు ఉన్నదా లేదా అన్నదానితో పాటు, అది ఎవరి చేతిలో ఉన్నది అన్నది కూడా ముఖ్యమైన ప్రశ్న.

ప్రాంతం, వలసల నేపథ్యం

కోనసీమ గోదావరి నది పాయలైన గౌతమి, వసిష్ఠల మధ్య బంగాళాఖాతం వరకు విస్తరించిన డెల్టా ప్రాంతం. వైనతేయ పాయ రాజోలు వైపు లంకలను అమలాపురం వైపు భూముల నుండి వేరుచేస్తుంది. పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయినది. అదే సంవత్సరం దానికి డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెట్టారు. వరి, కొబ్బరి ఇక్కడి ప్రధాన పంటలు.

పచ్చని ప్రాంతమైనప్పటికీ, ఇక్కడ సొంత భూమి లేని వ్యవసాయ కూలీల కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊడ్పులు, కోతల కాలంలో తప్ప మిగిలిన రోజులలో వారికి పని దొరకడం కష్టం. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో కొబ్బరి తోటలు విపరీతంగా దెబ్బతిన్నాయి. ఇటువంటి పరిస్థితులలో పిల్లల చదువు, ఆడపిల్లల పెళ్ళి, ఇల్లు కట్టుకోవడం, అప్పులు తీర్చడం వంటి అవసరాల కొరకు గల్ఫ్ ప్రయాణం ఒక మార్గమైనది. ఉభయ గోదావరి జిల్లాలు, కడప జిల్లా ఆంధ్ర ప్రదేశ్ నుండి గల్ఫ్‌కు ఇంటిపని కొరకు మహిళలు ఎక్కువగా వెళ్ళే ప్రాంతాలుగా పేరుపొందాయి. పురుషులు డ్రైవర్లుగా, వంటవారుగా, భవన నిర్మాణ కార్మికులుగా వెళతారు.

గోదావరి ప్రజలకు సముద్రం దాటి వెళ్ళడం కొత్త కాదు. గౌతమి ముఖద్వారం వద్ద ఉన్న కోరంగి ఒకప్పుడు ప్రసిద్ధ ఓడరేవు. 19వ శతాబ్దంలోను, 20వ శతాబ్దపు తొలి భాగంలోను ఈ తీరం నుండి వేలాది తెలుగువారు బర్మాకు పనికి వెళ్ళారు. బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలవడానికి ఈ రేవు పేరే కారణం. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగం కనుక ఆ ప్రయాణం ఒకే దేశంలోని ప్రయాణంగా ఉండేది. బర్మా వేరుపడిన తరువాత అక్కడి భారతీయులు పరాయి దేశస్థులయ్యారు. 1942లో జపాను దాడి వలన లక్షలాది భారతీయులు కాలినడకన, ఓడలలో తిరిగివచ్చారు. 1962లో బర్మాలో సైనిక పాలన ఏర్పడిన తరువాత మరికొందరు తిరిగివచ్చారు. వీరినే బర్మా కాందిశీకులు అంటారు. సరిహద్దు మారితే మనిషి కదలకుండానే పరాయివాడు కాగలడని, తాను ఎవరో కాగితంతో నిరూపించుకోవలసి వస్తుందని ఈ చరిత్ర తెలియజేస్తుంది.

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలలో పనివారికి గిరాకీ ఏర్పడింది. బర్మా వలసకు, గల్ఫ్ వలసకు ప్రధానమైన తేడా ఒకటి ఉన్నది. గల్ఫ్ ప్రయాణానికి పాస్‌పోర్టు, వీసా రెండూ తప్పనిసరి.

పాస్‌పోర్టు, వ్యక్తిగత స్వేచ్ఛ

బ్రిటిషు ఇండియాలో పాస్‌పోర్టు నిబంధనలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మొదలయ్యాయి. తరువాత 1920లో భారత పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఇది దేశంలోకి ప్రవేశించడానికి పాస్‌పోర్టు అవసరమని చెప్పిన చట్టం. పౌరులు దేశం వెలుపలికి వెళ్ళడానికి పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం గురించి 1967 వరకు ఏ చట్టమూ లేదు. అది పూర్తిగా ప్రభుత్వం ఇష్టంపై ఆధారపడి ఉండేది.

ఈ స్థితి సత్వంత్ సింగ్ సాహ్నీ కేసుతో మారింది. తన పాస్‌పోర్టును తిరిగి ఇచ్చివేయమని అధికారులు ఆదేశించగా, ఆ వ్యాపారి సుప్రీం కోర్టును ఆశ్రయించాడు. 1967 ఏప్రిల్ 10న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3-2 ఆధిక్యతతో తీర్పు ఇచ్చింది. పాస్‌పోర్టు లేనిదే దేశం దాటడం సాధ్యం కాదు కనుక, దానిని నిరాకరించడం ప్రయాణాన్ని నిరాకరించడమేనని, విదేశీ ప్రయాణ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దానిని హరించరాదని ఈ తీర్పు సారాంశం. ఆధిక్య తీర్పును వ్రాసినవారు అప్పటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆయన గోదావరి తీరాన రాజమండ్రిలో 1902లో జన్మించారు. ఈ తీర్పు ఇచ్చిన మరునాడే పదవికి రాజీనామా చేసి, ఆ సంవత్సరం రాష్ట్రపతి ఎన్నికలలో పోటీ చేశారు.

ఈ తీర్పు ఫలితంగా ప్రభుత్వం మొదట ఆర్డినెన్సును, తరువాత 1967 జూన్ 24న పాస్‌పోర్టుల చట్టాన్ని తెచ్చింది. మేనకా గాంధీ కేసులో 1978 జనవరి 25న ఇచ్చిన తీర్పు ఈ హక్కును మరింత బలపరచింది. కారణం చెప్పకుండా ఆమె పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవడంపై ఈ వివాదం నడిచింది. స్వేచ్ఛను పరిమితం చేసే చట్టం ఉన్నంత మాత్రాన చాలదని, ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని సుప్రీం కోర్టు చెప్పింది.

అంతర్జాతీయంగా 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణం, తన దేశంతో సహా ఏ దేశాన్నైనా విడిచి వెళ్ళే హక్కు, స్వదేశానికి తిరిగివచ్చే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నాయని పేర్కొన్నది.

పాస్‌పోర్టు ఎవరి ఆస్తి

1967 చట్టం 17వ సెక్షను ప్రకారం పాస్‌పోర్టు ఎల్లప్పుడూ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దానిని కలిగి ఉండే అర్హత మాత్రమే పౌరునిది. పాస్‌పోర్టును నిలిపివేయడానికి, రద్దు చేయడానికి 10వ సెక్షను పాస్‌పోర్టు అధికారికి అధికారం ఇస్తుంది. పోలీసులు ఒక పత్రాన్ని జప్తు చేయగలరు గాని, పాస్‌పోర్టును తమవద్దనే అట్టిపెట్టుకొనే అధికారం పాస్‌పోర్టు అధికారికే ఉన్నదని సుప్రీం కోర్టు 2008లో సురేష్ నందా కేసులో స్పష్టం చేసింది.

దీనిని బట్టి ఊరిలోని ఏజెంటుకు గాని, అప్పు ఇచ్చిన వ్యక్తికి గాని, విదేశంలోని యజమానికి గాని మరొకరి పాస్‌పోర్టును ఆపి ఉంచే హక్కు భారతీయ చట్టం ప్రకారం లేదు. అప్పుకు తాకట్టుగా పాస్‌పోర్టును ఉంచుకోవడం కూడా చెల్లదు.

ఈసీఆర్ పాస్‌పోర్టులు

ఉపాధి కొరకు విదేశాలకు వెళ్ళేవారి రక్షణకు 1922 నాటి చట్టం స్థానంలో 1983లో కొత్త వలసల చట్టం చేయబడింది. దీని ప్రకారం నిర్ణీత తరగతులవారు కొన్ని దేశాలకు పనికి వెళ్ళడానికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి పొందాలి. అటువంటివారి పాస్‌పోర్టులను ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టులు అంటారు. సాధారణంగా 10వ తరగతి ఉత్తీర్ణులు కానివారికి ఈ రకం పాస్‌పోర్టు వస్తుంది. 10వ తరగతి ఉత్తీర్ణులు, ఆదాయపు పన్ను చెల్లించేవారు, 50 ఏళ్ళు దాటినవారు మొదలగువారికి ఈ తనిఖీ అవసరం లేదు. గల్ఫ్ దేశాలతో పాటు మలేషియా, జోర్డాన్, లెబనాన్, ఇరాక్ వంటివి కలిపి 18 దేశాలు ఈ జాబితాలో ఉన్నాయి.

ఇంటిపనికి వెళ్ళే ఈసీఆర్ మహిళల విషయంలో అదనపు నిబంధనలు ఉన్నాయి.

* కనీస వయస్సు 30 సంవత్సరాలు.
* ఉపాధి ఒప్పందంలో జీతం, పని, వసతి వివరాలు ఉండాలి.
* 2016 నుండి వీరి నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ సంస్థ ఓంక్యాప్ (ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్ర ప్రదేశ్), తెలంగాణలో టామ్‌కామ్.

2014లో ఈ-మైగ్రేట్ అనే కంప్యూటరు వ్యవస్థ ప్రారంభమైన తరువాత ఒప్పందాల నమోదు, అనుమతులు దాని ద్వారా జరుగుతున్నాయి. రిజిస్టరు అయిన ఏజెంటు కార్మికుని వద్ద 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు మించి రుసుము తీసుకోరాదు.

ఈ నిబంధనల ఉద్దేశం రక్షణ. కాని వీటిని తప్పించుకొనే దారులు కూడా ఏర్పడ్డాయి. అనుమతి ఉపాధికి మాత్రమే అవసరం కనుక, కొందరు ఏజెంట్లు మహిళలను సందర్శక వీసాపై పంపి అక్కడ పనిలో పెడతారు. అటువంటి ప్రయాణంలో ఒప్పందం నమోదు కాదు, బీమా ఉండదు, ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో రాయబార కార్యాలయానికి తెలియదు. 30 ఏళ్ళ నిబంధన కొరకు వయస్సు పెంచి పాస్‌పోర్టు తీయించడం మరొక దారి. తప్పుడు సమాచారంతో పాస్‌పోర్టు పొందడం 12వ సెక్షను ప్రకారం నేరం. రెండేళ్ళ వరకు జైలు శిక్ష లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఏజెంటు చేసిన మార్పుకు కూడా పాస్‌పోర్టు ఎవరి పేరున ఉన్నదో వారే ముందుగా జవాబు చెప్పుకోవలసి వస్తుంది. స్త్రీలకు మాత్రమే వయోపరిమితి పెట్టడం వారి ప్రయాణ స్వేచ్ఛను తగ్గిస్తుందని ఒక వాదం, అది లేకపోతే మోసాలు పెరుగుతాయని మరొక వాదం ఉన్నాయి.

గల్ఫ్ దేశాలలో కఫాలా విధానం

గల్ఫ్ దేశాలలో విదేశీ కార్మికుని నివాసానికి స్థానికుడైన ఒక యజమాని లేదా సంస్థ పూచీ ఉండాలి. ఈ పద్ధతిని కఫాలా అని, పూచీదారుని కఫీల్ అని అంటారు. నివాస అనుమతి పత్రాన్ని అకామా (ఇఖామా) అంటారు. ఈ విధానంలో కార్మికుని నివాస హక్కు ఒక యజమానికి ముడిపడి ఉంటుంది. ఆ ఇంటి నుండి వెళ్ళిపోయిన పనిమనిషిపై యజమాని పరారీ ఫిర్యాదు ఇస్తే ఆమె నివాసం చట్టవిరుద్ధమవుతుంది. అందువలన గల్ఫ్‌లో కార్మికుని స్వేచ్ఛ రెండు కాగితాలపై నిలబడి ఉంటుంది. ఒకటి భారత ప్రభుత్వం ఇచ్చిన పాస్‌పోర్టు, రెండవది ఆ దేశం ఇచ్చిన అకామా. పాస్‌పోర్టు చేతికి వచ్చినంత మాత్రాన, అకామా గడువు తీరితే, దేశం విడిచి వెళ్ళడం సులభం కాదు.

అకామా వేయించడానికని పాస్‌పోర్టు తీసుకొని, పని పూర్తయిన తరువాత కూడా తిరిగి ఇవ్వకపోవడం గల్ఫ్‌లో చాలాకాలంగా ఉన్న అలవాటు. వీసా కొరకు ఖర్చు పెట్టాము కనుక పనిమనిషి మధ్యలో వెళ్ళిపోకుండా ఇది హామీ అని యజమానులు భావిస్తారు. ఇంటిపనివారి విషయంలో ఈ సమస్య తీవ్రంగా ఉంటుంది. వారి పనిచోటు, నివాసం ఒకటే ఇల్లు, తోటి పనివారు ఉండరు, భాష తెలియదు, చాలా సందర్భాలలో ఫోను కూడా యజమాని అనుమతిపై ఆధారపడి ఉంటుంది. జీతం అందకపోయినా, అనారోగ్యం వచ్చినా, ఇంటివద్ద ఎవరైనా మరణించినా పాస్‌పోర్టు లేనిదే విమానం ఎక్కలేరు. గుర్తింపు పత్రాలను ఆపి ఉంచడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమకు గల 11 సూచికలలో ఒకటిగా పేర్కొన్నది. ఆ సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం, ఇంటిపనివారు తమ ప్రయాణ పత్రాలను తమవద్దనే ఉంచుకొనే హక్కు కలిగి ఉండాలని చెబుతుంది.

గల్ఫ్ దేశాల చట్టాలు

పాస్‌పోర్టును ఆపి ఉంచడం గల్ఫ్ దేశాల చట్టాలలో కూడా అనుమతింపబడలేదు.

* సౌదీ అరేబియా: విదేశీ కార్మికుల పాస్‌పోర్టులను యజమానులు ఉంచుకోరాదని 2000లో మంత్రిమండలి నిర్ణయించింది.
* కువైట్: 2015 నాటి 68వ చట్టం ఇంటిపనివారికి ప్రత్యేకించినది. సమ్మతి లేకుండా పనివారి పాస్‌పోర్టును యజమాని ఉంచుకోరాదు. వారానికి ఒక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, సంవత్సరానికి 30 రోజుల జీతంతో సెలవు ఇందులో ఉన్నాయి.
* ఖతార్: 2015 నాటి 21వ చట్టం ప్రకారం అకామా పని పూర్తికాగానే పాస్‌పోర్టు తిరిగి ఇవ్వాలి. ఉల్లంఘనకు 25,000 రియాళ్ళ వరకు జరిమానా ఉన్నది. దేశం విడిచి వెళ్ళడానికి యజమాని అనుమతి పత్రం అవసరమనే నిబంధనను ఇంటిపనివారికి 2020 జనవరిలో తొలగించారు.
* ఐక్య అరబ్ ఎమిరేట్స్: ఇంటిపనివారి గుర్తింపు పత్రాలు వారివద్దనే ఉండాలని 2022 నాటి చట్టం చెబుతుంది.

చట్టానికి, ఆచరణకు మధ్య దూరం ఉన్నది. ఇంటి లోపల తనిఖీ అరుదు. సమ్మతి అనే మాటకు కూడా, ఒకే ఇంట్లో ఉండి జీతానికి ఆ ఇంటిపైనే ఆధారపడిన మనిషి విషయంలో, అర్థం తక్కువ. మార్పులు ఒకే దిశలో జరగడం లేదు. కువైట్ 2025 జూలై 1 నుండి ప్రైవేటు సంస్థలలో పనిచేసే విదేశీయులు దేశం విడిచి వెళ్ళడానికి యజమాని ఆమోదంతో అనుమతి పొందాలనే నిబంధనను తెచ్చింది.

పాస్‌పోర్టు లేనివారి తిరుగు ప్రయాణం

పాస్‌పోర్టు పోయినవారికి, యజమాని వద్ద చిక్కుకున్నవారికి భారత రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. ఇది స్వదేశానికి ఒకే ఒక ప్రయాణానికి చెల్లే పత్రం. వాడుకలో దీనిని అవుట్ పాస్ అంటారు. దీనిని పొందడానికి ముందుగా దరఖాస్తుదారు భారతీయ పౌరులని నిర్ధారణ కావాలి. పాత పాస్‌పోర్టు నకలు లేదా నంబరు ఉంటే ఈ పని త్వరగా జరుగుతుంది. అవేమీ లేకపోతే స్వగ్రామంలోని చిరునామా, కుటుంబ వివరాలను స్వదేశంలో విచారించవలసి వస్తుంది. ఊరిలో కుటుంబ సభ్యుల వద్ద పాస్‌పోర్టు, వీసాల నకళ్ళు ఉండడం ఈ కారణంగా ఎంతో ఉపయోగకరం.

అవుట్ పాస్ లభించినా, ఆ దేశపు అధికారుల నుండి వెళ్ళడానికి అనుమతి కావాలి. గడువు మీరి ఉన్న రోజులకు జరిమానా, పరారీ ఫిర్యాదు, పోలీసు కేసు వంటివి ఉంటే అవి తేలాలి. ఈ చిక్కులు ఉన్నవారికి గల్ఫ్ ప్రభుత్వాలు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. ఆ గడువులో జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చు. కువైట్ 2018లో జనవరి 29 నుండి ఏప్రిల్ 22 వరకు, 2020 ఏప్రిల్‌లో, 2024లో మార్చి 17 నుండి జూన్ 30 వరకు క్షమాభిక్ష అమలు చేసింది. ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2024 సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు అమలు చేసింది.

పేర్లు, పుట్టిన తేదీలు

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. దానిని సాధారణంగా పొడి అక్షరాలతో వ్రాస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు వేర్వేరు గడులలో పూర్తిగా వ్రాయాలి. మహిళలకు రేషన్ కార్డులో భర్త ఇంటిపేరు, బడి సర్టిఫికెట్‌లో పుట్టింటిపేరు ఉండడం వలన పత్రాలు ఒకదానితో ఒకటి సరిపోవు. ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి ఒకే పేరుతో పాస్‌పోర్టు తీసుకున్నవారికి మరొక ఇబ్బంది ఏర్పడింది. అటువంటి పాస్‌పోర్టులపై సందర్శక వీసాతో వచ్చేవారిని అనుమతించరాదని ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో నిర్ణయించింది.

1989 జనవరి 26న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి జనన ధృవీకరణ పత్రం తప్పనిసరి అనే నిబంధన చాలాకాలం ఉండేది. ఇంటివద్ద కాన్పు జరిగి, పంచాయతీలో నమోదు కానివారికి ఇది అడ్డంకిగా ఉండేది. 2016 డిసెంబరులో దీనిని సడలించి ఆధార్, పాన్ కార్డు, బడి సర్టిఫికెట్ వంటివాటిని కూడా అంగీకరించారు. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి మాత్రం 2025 నాటి సవరణ ప్రకారం జనన ధృవీకరణ పత్రమే ఆధారం.

సహాయ వ్యవస్థలు

* ప్రవాసీ భారతీయ బీమా యోజన: ఈసీఆర్ కార్మికులకు తప్పనిసరి అయిన బీమా. ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు (పన్ను అదనం).
* మదద్: విదేశాలలోని భారతీయుల ఫిర్యాదుల కొరకు 2015లో ప్రారంభమైన వెబ్‌సైటు. స్వదేశంలోని కుటుంబ సభ్యులు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.
* భారతీయ సమాజ సంక్షేమ నిధి: 2009లో ఏర్పడింది. దిక్కులేని కార్మికులకు వసతి, విమాన టికెట్టు వంటివి రాయబార కార్యాలయాలు దీని నుండి సమకూర్చగలవు.
* కువైట్ అవగాహన ఒప్పందం: ఇంటిపనివారి నియామకంపై భారత్, కువైట్‌లు 2021 జూన్‌లో సంతకం చేశాయి.
* ఏపీఎన్ఆర్టీ సొసైటీ: ప్రవాసాంధ్రుల కొరకు రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన సంస్థ.

వాడుక మాటలు

* ఖద్దామా - ఇంటిపని చేసే స్త్రీ
* కఫీల్ - పూచీ ఇచ్చిన యజమాని
* అకామా - నివాస అనుమతి
* ఆజాద్ వీసా - ఒకరి పేరున వీసా కొని వేరొకచోట పనిచేసే పద్ధతి. చట్టం దీనిని గుర్తించదు
* కల్లివెల్లి - కఫీల్‌ను విడిచి, పత్రాలు లేకుండా బయట పనిచేసేవారు
* అవుట్ పాస్ - పాస్‌పోర్టు లేనివారు స్వదేశానికి రావడానికి ఇచ్చే పత్రం

ఇవి కూడా చూడండి

* కోనసీమ
* కోకా సుబ్బారావు
* బర్మా తెలుగువారు
* ప్రాథమిక హక్కులు